ఎక్కడ కూసొని కొట్టిన్రు?

మా ప్రింటరు మూత ఎత్తితే లోపలి పక్క పెన్సిలుతో రాసిన అంకెలు ఉంటాయి. మధ్యలో చుక్కలు పెట్టిన నాలుగు ముక్కలు, వాటి కింద ఒక ఫోన్ నంబరు. పోయిన నెల బ్రాడ్‌బ్యాండ్ వాళ్ళు వచ్చి పాత వైఫై డబ్బా పీకేసి కొత్త డబ్బా బిగించి వెళ్ళారు. ఆ పూట నుంచి ప్రింటరు పలకడం మానేసింది. నేను చెయ్యగలిగినవన్నీ చేశాను. ఆపి ఆన్ చేశాను. తీగ పీకి మళ్ళీ పెట్టాను. లాప్‌టాప్‌లోంచి దాని పేరు తీసేసి మళ్ళీ ఎక్కించాను. ప్రింటర్ దొరకడం లేదని లాప్‌టాప్ చెబుతూనే ఉంది. అదేమో నాకు రెండడుగుల దూరంలో పచ్చలైటు వేసుకుని కూర్చునే ఉంది. మూడో రోజుకి నా ఓపిక అయిపోయింది. మూత ఎత్తి ఆ నంబరుకి ఫోన్ చేశాను.

ఆడగొంతు పలికింది.

"ప్రింటర్ భాయ్ కావాలమ్మా," అన్నాను.

"మా అబ్బా పోయి ఆరు నెలలైంది మేడమ్. నేను బిడ్డను. ఏమైంది ప్రింటర్‌కు?"

ఆమె అదంతా ఒకే ఊపిరిలో చెప్పింది. ఈ ఆరు నెలల్లో ఎంతమందికి చెప్పి ఉంటుందో. నేను ప్రింటరు సంగతి చెప్పాను. ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక కంప్యూటర్ షాపులో పనిచేస్తున్నానని, ఎల్లుండి వస్తానని అంది. ఫోన్ పెట్టేశాక, పోయిన మనిషి గురించి ఒక్క ముక్క కూడా అడగలేదని గుర్తొచ్చింది. మళ్ళీ చేసి అడిగే ధైర్యం లేకపోయింది. ఎందుకు లేదో చెప్పాలంటే ఆయన సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

ఆయన పేరు నాకు తెలియదు. కాలనీలో అందరూ ప్రింటర్ భాయ్ అనేవారు, నేనూ అన్నాను. మా అత్తగారు మాత్రం "సాయిబుగారూ" అని పిలిచేవారు. ఆయన ఎప్పుడొచ్చినా ముందు ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళి, "అమ్మా, మోకాళ్ళు ఎట్లున్నయ్?" అని అడిగి, జవాబు పూర్తిగా విని, అప్పుడు ప్రింటరు దగ్గరికి వచ్చేవాడు. ఆ జవాబు పావుగంట ఉండేది. కన్నకొడుకు కూడా అంతసేపు వినడని ఆవిడ తర్వాత నాతో అనేవారు. ఆ మాట నన్నూ కలిపి అన్నదేనని నాకు తెలుసు.

అవి మారేడ్‌పల్లిలో పొద్దున్నే ప్రతి గేటు ముందూ సాఫ్ట్‌వేర్ కంపెనీ బండి ఆగే రోజులు. మేము విజయనగరం వైపు నుంచి వచ్చి అప్పటికి ఏడేళ్ళు. మా ఆయనదీ అదే ఉద్యోగం. ఎక్కడో సముద్రాల అవతల కంప్యూటర్లు మొరాయిస్తే ఇక్కడ కూర్చుని బాగుచేసే మనిషి. ఇంట్లో ప్రింటరు పనిచెయ్యడం లేదని ఫోన్ చేస్తే మాత్రం, "ఆపి ఆన్ చెయ్యి, మీటింగులో ఉన్నాను," అనేవాడు. నేనేమో టీచరు ఉద్యోగం మానేసి, ఇంట్లోనే నాలుగు చిన్న స్కూళ్ళకి లెక్కల ప్రశ్నపత్రాలు తయారుచేసేదాన్ని. బయట జిరాక్స్ షాపులో ప్రింట్ తీస్తే పేపర్ బయటపడుతుందని వాళ్ళ భయం. నా ఇంట్లో, నా ప్రింటరు మీద, నేనే తీసి కవరులో పెట్టి సీలు వేసి ఇవ్వాలి. ఆ నమ్మకం మీదే నా పని నడిచేది. అందుకే వైర్లు లేని ప్రింటరు ఇంటికి వచ్చినప్పుడు, పరవాలేదు, ఇంట్లో ఎక్కడ కూర్చునైనా పని చేసుకోవచ్చు అనుకున్నాను. అది వారానికి రెండు రోజులు పనిచేసేది, తక్కిన రోజులు దాని ఇష్టం.

భాయ్ వచ్చి ప్రింటరు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. కుర్చీ వేస్తే సంచి పెట్టుకునేవాడు దానిమీద. ముందు స్విచ్చి ఆపి, వేసి, అరచెయ్యి మూత మీద ఆనించి కళ్ళు మూసుకునేవాడు. లోపల చక్రాలు తిరిగి, ఆగి, మళ్ళీ తిరిగి, లైటు నిలకడగా వెలిగేదాకా చెయ్యి తీసేవాడు కాదు. వయసులో ఉన్నప్పుడు టైపు మిషన్లు బాగుచేశాడట. చెయ్యి పెడితేనే తెలిసే రోజుల అలవాటు అది. నేను పక్కన నిలబడి, "అయిందా భాయ్?" అని తొందరపెడితే,

"జెర ఆగుండ్రి మేడమ్. గిప్పుడే లేచింది. మనిషికి సుత నిద్ర లేవంగనే ఏ ఊర్లున్నడో యాదికుండదు," అనేవాడు.

ఇంకో మాట కూడా ఉండేది. పాడైందని ఎప్పుడూ అనేవాడు కాదు. "మెషిన్ మంచిగనే ఉంది. కాయితం దారి తప్పింది," అనేవాడు. నాకది చాలా చిరాకు. పాడవకపోతే నేనెందుకు పిలుస్తాను?

పని అయ్యాక అందరూ తీసే టెస్ట్ పేజీ ఆయన తీసేవాడు కాదు. "గది ఎవలు సదువుతరు మేడమ్? ఇంట్ల ఏం కావాల్నో చెప్పుండ్రి, గది కొడదాం," అనేవాడు. నాకెప్పుడూ ఏమీ తోచేది కాదు. ఒకసారి మా అత్తగారు మంచం మీంచి, "నా మాత్రలు ఏటెప్పుడెయ్యాలో రాసిపెట్టండి బాబూ, పెద్దచ్చరాలు," అన్నారు. ఆయన నా చేత టైపు చేయించి, అక్షరాలు ఇంకా పెద్దవి చేయించి తీయించాడు. ఆ కాయితం ఆవిడ ఉన్నంతకాలం ఫ్రిజ్ మీదే ఉంది. మాత్రలు మారినప్పుడల్లా కొత్తది ఆయనే కొట్టించేవాడు.

చెడిపోయిన కాయితాలు, సిరా మసకైనవి, తప్పు దొర్లినవి, నా దగ్గర గుట్టగా ఉండేవి. వెనక పక్క తెల్లగా ఉండేది కదా, అవి అడిగి తీసుకుపోయేవాడు. పరీక్ష అయిపోయిన పేపర్లే ఇచ్చేదాన్ని, అదొక్కటి జాగ్రత్తగా చూసేదాన్ని. వాటిని సగానికి మడిచి, దబ్బనంతో దారం పోసి పుస్తకాలు కుట్టేవాడట. "బిడ్డ లెక్కలు చేస్తది మేడమ్. ఎన్ని పుస్తకాలు తెచ్చినా ఊదేస్తది," అనేవాడు. ఆ మాట అన్నప్పుడు మాత్రం మొహంలో కొంచెం గర్వం కనిపించేది.

ఇక ఆయన ప్రశ్న. వచ్చిన ప్రతిసారీ, సంచి దించకముందే అడిగేవాడు.

"ఎక్కడ కూసొని కొట్టిన్రు?"

ప్రింట్ ఇచ్చినప్పుడు మీరెక్కడున్నారు అని దానర్థం. నేను ప్రతిసారీ, "ఇక్కడే భాయ్, టేబుల్ దగ్గరే," అని చెప్పేదాన్ని. అది అబద్ధం. ముందుగదిలో టేబుల్, కుర్చీ, దీపం అన్నీ నా పని కోసం కొన్నవే. కాని మధ్యాహ్నమైతే అక్కడ టీవీలో సీరియల్ మొదలయ్యేది, అత్తగారికి చెవులు సరిగా వినపడవు, ఆ మోతలో నాకు కూడికలు కూడా వచ్చేవి కావు. లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళి వంటింటి గడప మీద కూర్చునేదాన్ని. కుక్కరు కూతలు లెక్కపెట్టుకుంటూ, ఒళ్ళో పెట్టుకుని, తొమ్మిదో తరగతి పేపర్ తయారుచేసేదాన్ని. ఆ మాట చెప్పడానికి నామోషీ. స్కూళ్ళవాళ్ళు నన్ను మేడమ్ అనేవాళ్ళు, ఈయనా మేడమ్ అనేవాడు. మేడమ్ టేబుల్ దగ్గరే కూర్చోవాలి కదా.

ఆయన నా జవాబు విని తల ఊపేవాడు. టేబుల్ దగ్గర కూర్చుని ప్రింట్ ఇచ్చి చూసేవాడు. అది బుద్ధిగా వచ్చేది. నెత్తి గోక్కునేవాడు. ఏదో ఒకటి సరిచేసి వెళ్ళేవాడు. వారం తిరగకముందే నేను మళ్ళీ పిలిచేదాన్ని, ఈయనకి పని రాదేమోనని విసుక్కుంటూ. ఇలా ఎన్నిసార్లు జరిగిందో చెప్పలేను.

ఒకసారి అర్ధసంవత్సర పరీక్షలు అయ్యాక ఒక స్కూలు ప్రిన్సిపాల్ ఫోన్ చేసింది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఏడో లెక్కకి జవాబు రాసింది. పద్ధతి సరిగ్గా ఉంది, జవాబు తప్పు. పేపర్లో అరవైమూడు అని ఉంటే ఆ పిల్ల ముప్పైఆరుకి లెక్క చేసింది. నేను మొదట ముప్పైఆరు అనే టైపు చేశాను. తర్వాత చూసుకుని దిద్దాను. అంటే దిద్దకముందు కాపీ ఎవరికో అందింది.

"మీ ఇంటికి ఎవరెవరు వస్తారు?" అని అడిగిందావిడ. పిల్ల పేరు చెప్పలేదు.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ప్రింటర్ భాయ్ వస్తాడు. పనికిరాని కాయితాలు తీసుకుపోతాడు," అన్నాను.

ఆయన ఆ స్కూలు కంప్యూటర్లు కూడా చూసేవాడు. "మా దగ్గరికి వచ్చేవాడేనా?" అంది ఆవిడ. "అవును" అన్నాను. అంతే. అక్కడ ఆయన పని పోయింది. స్కూలు గుమ్మంలో అనుకున్న మాట మారేడ్‌పల్లి సందుల్లోకి రావడానికి ఎంతసేపు? ఆయన సాయిబు కాక మా ఊరి మనిషెవరైనా అయి ఉంటే నా నోటికి ఆ మాట అంత సులువుగా వచ్చేదా అని తర్వాత నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. వచ్చిన జవాబు నాకు నచ్చలేదు.

ఆయనకి కూడా నేనే ఫోన్ చేశాను.

"భాయ్, మీరు తీసుకెళ్ళిన కాయితాలు ఎక్కడున్నాయి?"

"ఇంట్లనే ఉన్నయ్ మేడమ్. బిడ్డ రాసుకుంటది. ఎందుకు?"

చెప్పాను. అవతల బోయిన్‌పల్లి కూరగాయల లారీల హారన్లు వినపడుతున్నాయి. "మంచిది. రేపొస్త," అన్నాడు.

మర్నాడు పొద్దున సంచిలో సామాన్లు లేకుండా వచ్చాడు. సంచి నిండా కుట్టిన పుస్తకాలు. అత్తగారి మోకాళ్ళ సంగతి అడగలేదు. పుస్తకాలన్నీ టేబుల్ మీద పేర్చి, "అన్ని తెచ్చిన. చూసుకోండ్రి మేడమ్," అని పక్కకి జరిగి నిలబడ్డాడు.

నేను చూశాను. ఆయన ఎదురుగానే ఒక్కొక్క పుస్తకం తీసి, ఒక్కొక్క కాయితం తిప్పి, అచ్చు వేసిన వైపు చదువుతూ, ఏడో లెక్క కోసం వెతికాను. అన్నీ పాత పేపర్లే. ఒకటీ రెండూ కాదు, పదకొండు పుస్తకాలు వెతికాను. ఆయన కదలకుండా నిలబడి ఉన్నాడు. ఏమీ దొరకలేదు. పుస్తకాలు మళ్ళీ పేర్చాను.

అప్పుడు ఆయన అడిగాడు. "గా దినం ముప్పైఆరు అని ఉన్న పేపర్ మీ ప్రింటర్ల వచ్చిందా మేడమ్?"

రాలేదు. ఆ రోజు ప్రింట్ ఇస్తే రాలేదు. రెండుసార్లు ఇచ్చాను, రాలేదు. విసిగి లాప్‌టాప్ తెచ్చి టేబుల్ మీద పెట్టినప్పుడే తప్పు కంటబడింది. దిద్దాకే ప్రింట్ వచ్చింది. ముప్పైఆరు ఉన్న కాయితం మా ఇంట్లో అసలు పుట్టనే లేదు. ఆయన దాన్ని తీసుకుపోయే వీలే లేదు. లెక్కల టీచర్ని, నాకు ఆ మాట తట్టలేదు.

"ఎక్కడ కూసొని కొట్టిన్రు?"

ఇంత అయ్యాక కూడా నేను, "టేబుల్ దగ్గరే," అన్నాను.

మంచం మీంచి అత్తగారు అందుకున్నారు. "టేబులు కాడ ఎక్కడ కూకుంది? టీవీ గోల పడలేక వంటింటి గడప మీద కూకుంటది బాబూ, రోజూ. ఒళ్ళో పెట్టుకుని, కుక్కరు కాస్తా."

ఆయన నావైపు చూశాడు. కోపం లేదు. చాలా దూరం నడిచొచ్చిన మనిషి మొహంలా ఉంది. "పోయి కూసోండ్రి మేడమ్," అన్నాడు.

వెళ్ళి గడప మీద కూర్చున్నాను. ఏం కొట్టమంటారని అడిగాను. "టెస్ట్ పేజీ," అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. నొక్కాను. ముందుగదిలో మా ప్రింటరు పచ్చలైటుతో అలాగే ఉంది. వంటింటి కిటికీ అవతల, పైఅంతస్తులో, చక్రాలు తిరిగి కాయితం లాగిన చప్పుడు అయింది.

ఐదు నిమిషాలకి పైఇంటావిడ ఆ కాయితం పట్టుకుని నవ్వుతూ దిగివచ్చింది. "మీదేనాండీ? మాకు అప్పుడప్పుడు ఏవో లెక్కలు వస్తుంటాయి. ఎవరు పంపుతున్నారో తెలియక మా అమ్మాయికిచ్చేస్తుంటాం, తొమ్మిదో తరగతి కదా, చేసుకుంటుందని." వాళ్ళ అమ్మాయి చదివేది ఆ స్కూల్లోనే. రెండిళ్ళవాళ్ళం ఒకే దీపావళి ఆఫర్లో ఒకే రకం ప్రింటర్ కొన్నాం. ఒకే కేబుల్ అబ్బాయి ఒకే పేరున్న డబ్బాలు బిగించి, పాస్‌వర్డ్ ఎందుకులెండి, మర్చిపోతారు అని వెళ్ళాడు. వాళ్ళ డబ్బా సరిగ్గా మా వంటింటి మీద ఉంది. గడప మీద కూర్చుంటే నా లాప్‌టాప్ వాళ్ళ ఇంట్లోకి వెళ్ళిపోయేది. కాయితం నిజంగానే దారి తప్పింది.

ఆయన డబ్బాకి కొత్త పేరు పెట్టాడు. పాస్‌వర్డ్ పెట్టాడు. ప్రింటరుకి ఎప్పటికీ మారని నంబరు ఇచ్చి, దాన్నీ, కింద తన ఫోన్ నంబరునీ మూత లోపల పెన్సిలుతో రాశాడు. వెళ్ళేటప్పుడు పుస్తకాలు సంచిలో సర్దుకుంటుంటే నేను ఇంకో కాయితాల కట్ట తెచ్చి ఇవ్వబోయాను. క్షమించమని అడగడం చేతకాక చేసిన పని అది.

"ఇగ వద్దు మేడమ్," అన్నాడు.

నేను స్కూలుకి వెళ్ళి చెప్పాను, నెట్‌వర్క్ వల్ల జరిగింది, ఆయన తప్పేమీ లేదని. నేను అబద్ధం చెప్పడం వల్ల జరిగిందని చెప్పలేదు. పోనీలెండి, ఇకముందు జాగ్రత్తగా ఉండండి అంది ప్రిన్సిపాల్. నా పని నాకు ఉంది. ఆయన స్థానంలో అప్పటికే ఇంకొకరిని పెట్టుకున్నారు.

ఆ తర్వాత కూడా పిలిస్తే వచ్చేవాడు. అత్తగారి మోకాళ్ళ సంగతి మళ్ళీ అడగడం మొదలుపెట్టాడు. ఆవిడ పోయినప్పుడు వచ్చి గుమ్మం బయట చాలాసేపు నిలబడ్డాడు. ప్రింటరు మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకోవడం మానలేదు. మారింది ఒక్కటే. పని చేస్తున్నప్పుడు ఏ కాయితమైనా చెడితే, దాన్ని నా కళ్ళ ముందే రెండుగా చింపి, మళ్ళీ రెండుగా చింపి, మా చెత్తబుట్టలో వేసి వెళ్ళేవాడు. తెల్లవైపు ఉన్న కాయితాన్ని. వచ్చిన ప్రతిసారీ. ఆ చింపే చప్పుడు వినలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. పోనుపోను పిలవడమే తగ్గించాను.

ఎల్లుండి అన్న ప్రకారం కూతురు వచ్చింది. ఇరవై ఐదేళ్ళు ఉంటాయేమో. చున్నీ సర్దుకుని ప్రింటరు ముందు కింద కూర్చుంది. స్విచ్చి ఆపి, వేసి, మూత మీద చెయ్యి ఆనించింది. నేను వేరేవైపు చూశాను.

"ఎక్కడ కూసొని కొట్టిన్రు మేడమ్?"

"వంటింటి గడప మీద," అన్నాను. టేబుల్ ఇప్పుడు ఖాళీయే, ముందుగదిలో టీవీ పెట్టేవాళ్ళూ లేరు. అయినా అలవాటు పోలేదు.

ఆమె తల ఊపి పని మొదలుపెట్టింది. కొత్త డబ్బా కొత్త నంబర్లు ఇస్తోందని, పాతది చెల్లదని చెప్పింది. అరగంటలో అయిపోయింది. ఇంట్లో ఏం కావాలో అది కొట్టమంది. కరెంటు బిల్లు కొట్టాను. మొదటి కాయితం మధ్యలో నల్లచార పడింది. రెండోది బాగా వచ్చింది. చార పడినదాన్ని ఆమె తీసి వెనక్కి తిప్పి చూసింది.

"ఇది తీస్కోవచ్చా మేడమ్? చిన్నప్పుడు మీ పేపర్ల ఎనకాల్నే లెక్కలు చేసిన. అబ్బా కుట్టి ఇస్తుండె." మడిచి సంచిలో పెట్టుకుంది. "ఒకపారి నా పుస్తకాలన్నీ సంచిల వేస్కొని మీ కాడికి తెచ్చిండు. యాదికుందా? మేడమ్ నీ లెక్కలు చూస్తా అన్నరు అని చెప్పిండు. తిరిగొచ్చి, అన్నీ చూసిన్రు, ఒక్కొక్క కాయితం తిప్పి చూసిన్రు, శానా మెచ్చుకున్నరు అన్నడు. ఆ ఏడు నేను లెక్కల్ల ఫస్ట్ వచ్చిన మేడమ్."

ఆమె నావైపు చూస్తోంది. మెచ్చుకున్న మనిషి ఇంకో మంచిమాట అంటుందని ఎదురుచూస్తున్నట్టు ఉంది. అవునమ్మా అంటే సరిపోయేది. ఆయన కూడా అదే కోరుకుని ఉంటాడు. కాని ఇదే ఇంట్లో, ఆయన అడిగిన ఒకే ఒక్క ప్రశ్నకి ఏళ్ళ తరబడి అబద్ధం చెప్పాను. ఇంకొకటి చెప్పే శక్తి నాలో లేదు.

"నేను నీ లెక్కలు చూడలేదమ్మా," అన్నాను. "కాయితాలు తిప్పిన మాట నిజమే. నా లెక్కలున్న వైపే చూశాను."

తర్వాత మొత్తం చెప్పాను. ముప్పైఆరు, ప్రిన్సిపాల్, గడప, టేబుల్, చింపిన కాయితాలు. ఆమె మధ్యలో ఒక్కటే అడిగింది, స్కూలు పని పోయింది అందుకేనా అని. అందుకే అన్నాను. టీ ఇచ్చాను, తాగలేదు.

చెప్పడం అయిపోయాక ఆమె పెన్సిలు తీసి, ప్రింటరు మూత ఎత్తింది. తండ్రి రాసిన నంబరు చెరిపేస్తుందనుకున్నాను. చెరపలేదు. దాని కింద కొత్తది రాసి మూత వేసింది. సంచి జిప్పు లాగి, ఇందాక మడిచి పెట్టుకున్న కాయితం బయటికి తీసింది. చింపుతుందని చూస్తూ నిలబడ్డాను. మడత విప్పి, అరచేత్తో సాపుచేసి, తెల్లవైపు పైకి వచ్చేలా నా టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది.